చిన్న కారు మీద చిన్నచూపు

తెలుగు కథలో కారు ఒకటే పని చేస్తుంది. పాపం చేస్తుంది.

పాత సినిమాల్లో అది డబ్బున్న అమ్మాయిది. వాన నీటి గుంటలోంచి దూసుకెళ్ళి హీరో తెల్లచొక్కా మీద బురద కొడుతుంది. అభ్యుదయ కథల్లో కాంట్రాక్టరుది, లేదంటే ఎన్నికల ముందు దుమ్ము రేపుకుంటూ ఊళ్ళోకొచ్చే నాయకుడిది. తర్వాతి రోజుల్లో అది మా చేతికొచ్చింది, అంటే సాఫ్ట్‌వేర్ వాళ్ళ చేతికి. చెయ్యి మారింది గానీ పాపం మారలేదు. ఆ కథ మీరూ చదివే ఉంటారు. భార్యాభర్తలిద్దరికీ ఉద్యోగాలు, కూకట్‌పల్లిలో ఫ్లాటు, ఈఎంఐ మీద కారు, ఊళ్ళో ఒంటరిగా అమ్మ. కారు డెలివరీ రోజే ఊరి నుంచి ఫోనొస్తుంది. చివరి పేరాలో రియర్‌వ్యూ మిర్రర్‌లో కథానాయకుడికి తన మొహం తనకి కనపడుతుంది, ఏం పోగొట్టుకున్నాడో తెలిసొస్తుంది. మనం కథ చదవడం ముగించి, నిట్టూర్చి, క్యాబ్ బుక్ చేసుకుని సాహిత్య సభకి వెళ్తాం.

నాకు ఈ కథ మీద కోపం. అందులో నీతి ఉన్నందుకు కాదు, కారు లేనందుకు. అది ఏ కారో, ఎంతకి కొన్నాడో, వెనక సీట్లో ఎవరు కూర్చుంటారో రచయితకి అక్కర్లేదు. ఎడ్లబండి గురించి రాయాల్సొస్తే కాడి, నొగలు, ఇరుసు, చీల అన్నీ కనుక్కుని రాసే మనిషే, ఇక్కడికొచ్చేసరికి ‘కారు’ అని రెండక్షరాలు రాసి ఊరుకుంటాడు. మొక్కపాటివారి పార్వతీశం పడవెక్కాడు, రైలెక్కాడు, ఓడెక్కాడు. ఒక్కో ఎక్కడంలో, దిగడంలో మనిషి పడే తికమకంతా ఆ పుస్తకంలో ఉంది. ఎర్రబస్సు మీద మనకున్న ప్రేమకి అంతే లేదు. మరి గత ముప్పై నలభై ఏళ్ళలో మధ్యతరగతి ఇళ్ళలోకి వచ్చిన అతి ఖరీదైన వస్తువు (ఇల్లు వదిలేస్తే) మన కథల్లో ఒక గుర్తుగా మిగిలిందే తప్ప వస్తువు కాలేకపోయింది.

ఇది ఒకవైపు చిన్నచూపు. రెండోది కార్లు తెలిసిన వాళ్ళది. యూట్యూబులో రివ్యూలు చేసేవాళ్ళు, షోరూముల్లో సేల్స్ కుర్రాళ్ళు, ఆఫీసులో పక్క సీటు నిపుణుడు. వాళ్ళందరిదీ ఒకటే మాట: బేస్ వేరియంట్ కొనొద్దు. “అది ట్రావెల్స్ వాళ్ళు తీసుకుంటారు సార్, ఫ్యామిలీకి బాగోదు” అని నాతో ఒక షోరూములో అన్నారు. టెస్ట్ డ్రైవ్‌కి ఇచ్చేదీ, వీడియోల్లో తిప్పేదీ ఎప్పుడూ అన్నిటికన్నా పై మోడలే. అద్దాల వెనక మెరిసేది అది, ప్రకటనలో పెద్దక్షరాల్లో వేసే ధర మాత్రం బేస్ మోడల్‌ది. ఆ ధర చూసి వెళ్ళినవాడికి ఆ ధర బండి ఆ ప్రాంగణంలో ఎక్కడా కనపడదు. అడిగితే “బుక్ చేస్తే తెప్పిస్తాం సార్.”

మనవాళ్ళు కారు కొన్నందుకు చిన్నచూపు చూస్తారు, వీళ్ళు చిన్నది కొన్నందుకు చూస్తారు. నా గొడవంతా ఏమిటంటే ఈ రెండూ కలిసి ఒకే పని చేస్తున్నాయి. ఆరు లక్షల్లో ఒక కుటుంబం ప్రాణాలతో ఇంటికి చేరే బండి దొరుకుతుందా అన్న మామూలు ప్రశ్నని అడగనివ్వవు. ఒకడు అడిగితే సిగ్గుచేటంటాడు, ఇంకొకడు ఇంకో లక్ష పెట్టమంటాడు.

ఆ ఇంకో లక్ష సంగతి చూద్దాం, ఎందుకంటే అసలు కథ అక్కడుంది.

చిన్న కారు ఏదైనా నాలుగైదు మెట్లుగా అమ్ముతారు. కింది మెట్టుకీ రెండో మెట్టుకీ మధ్య అరవై వేలు తేడా అనుకోండి. సేల్స్ కుర్రాడు అరవై వేలని చెప్పడు. “నెలకి వెయ్యి కూడా కాదు సార్” అంటాడు. అబద్ధం కాదు. 9 శాతం వడ్డీకి ఏడేళ్ళ లోనులో అరవై వేలకి నెలకి సుమారు 965 రూపాయలు. ఏడేళ్ళకి కలిపితే 81 వేలు. దాని మీద లైఫ్ టాక్సు వేరు, ఇన్సూరెన్సు వేరు. ఇంతా కట్టి తెచ్చుకునేవి: వెనక తలుపులకి పవర్ విండోలు, బండి రంగులోనే హ్యాండిళ్ళు, చక్రాల మీద ప్లాస్టిక్ మూతలు, ఒక మ్యూజిక్ సిస్టం. ఆ మ్యూజిక్ సిస్టం బయట పెట్టించుకుంటే పది పన్నెండు వేలలో అయిపోతుంది. మిగతా డబ్బంతా బేస్ మోడల్‌లా కనపడకుండా ఉండటానికి కట్టే పన్ను. ఇది కార్ల వాళ్ళే కనిపెట్టిన విద్య కాదు. మా ఫీల్డ్‌లో కూడా ఫ్రీ వెర్షన్‌లో ఏం ఉంచాలి, ఏం తీసెయ్యాలి అని మీటింగులు పెట్టుకుంటాం. మనిషికి అవసరమైనదాన్ని కాస్త పైమెట్టు మీద పెట్టాలి, అందేంత దగ్గరగా, అందనంత దూరంగా. అందుకే నాకు ఆ వేరియంట్ల పట్టిక చూడగానే గుర్తుపట్టడం తేలికైంది.

లోను కాలం కూడా ఇలాంటి మెట్టే. అయిదు లక్షలు 9 శాతానికి అయిదేళ్ళకి తీసుకుంటే నెలకి 10,379, ఏడేళ్ళకైతే 8,045. రెండో అంకె ఎంత ముచ్చటగా ఉందో చూడండి. వడ్డీ మాత్రం 1 లక్షా 23 వేల నుంచి 1 లక్షా 76 వేలకి పోతుంది. ఆ తేడా 53 వేలు.

చక్రాల మూతలతో నాకేం పేచీ లేదు, ఎవరి ముచ్చట వాళ్ళది. కానీ చాలా ఏళ్ళపాటు ఆ పట్టికలో మూతల పక్కనే ఎయిర్‌బ్యాగులు కూడా ఉండేవి. మన దేశంలో డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ 2019లో గానీ తప్పనిసరి కాలేదు, పక్క సీటుకి 2021లో. అప్పటిదాకా కొన్ని చిన్న కార్లలో ఎయిర్‌బ్యాగ్ కావాలంటే వేరియంట్ పేరు చివర బ్రాకెట్లో ‘ఓ’ అనే అక్షరం ఉన్నది కొనుక్కోవాలి. ‘ఓ’ అంటే ఆప్షనల్. ప్రాణం ఆప్షనల్ అని ఇంత పొదుపుగా చెప్పిన అక్షరం మన వర్ణమాలలో ఇంకోటుండదు. మినీ కవితలు రాసేవాళ్ళు గమనించాలి.

2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ మన దగ్గర అమ్ముతున్న అయిదు చిన్న కార్లని గుద్దించి చూసింది. ఆల్టో 800, నానో, ఐ10, ఫిగో, పోలో. పెద్దల రక్షణలో అయిదింటికీ సున్నా. అన్నీ ఎయిర్‌బ్యాగుల్లేని కింది మోడళ్ళే. అందులో చదవాల్సిన విషయం సున్నాలు కాదు, సున్నాల మధ్య తేడా. ఫిగో, పోలోల బాడీ గట్టిగా నిలబడింది. ఎయిర్‌బ్యాగుల్లేక సున్నా వచ్చింది. పోలోకి రెండు ఎయిర్‌బ్యాగులు పెట్టి మళ్ళీ పరీక్షిస్తే నాలుగు నక్షత్రాలొచ్చాయి. మిగతా మూడింట్లో మనిషి కూర్చునే గూడే నలిగిపోయింది, ఎయిర్‌బ్యాగులు పెట్టినా పెద్ద ఉపయోగం ఉండదని ఆ సంస్థే చెప్పింది. బ్రోషర్లో బాడీ గట్టిదనానికి ఒక గడి ఉండదు. సన్‌రూఫ్‌కి ఉంటుంది.

అప్పుడు కంపెనీలు, ఆ తర్వాత చాలామంది పెద్దమనుషులూ చెప్పిన జవాబు ఒకటుంది. దాన్ని కొట్టిపారెయ్యలేం. 2022లో ప్రభుత్వం ఆరు ఎయిర్‌బ్యాగులు తప్పనిసరి చేద్దామనుకున్నప్పుడు, చిన్న కార్ల ధర పెరిగి కొనలేనివాళ్ళు టూవీలర్ల మీదే ఉండిపోతారని మారుతి ఛైర్మన్ ఆర్.సి. భార్గవ బహిరంగంగానే వాదించారు. టూవీలర్ మీద ఉండిపోవడం అంటే ఏమిటో కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో ఉంది: 2022లో మన రోడ్ల మీద 1,68,491 మంది చనిపోతే అందులో 44 శాతానికి పైగా ద్విచక్రవాహనాల మీద వెళ్తున్నవాళ్ళు. కాబట్టి నాసి కారు కూడా స్కూటర్ కన్నా నయం అనే మాటలో నిజం ఉంది. నానో పుట్టిందే ఆ ఆలోచనతో. వానలో స్కూటర్ మీద వెళ్తున్న ఒక కుటుంబాన్ని చూసి అనుకున్నానని రతన్ టాటా చెప్పేవారు. 2008లో లక్ష రూపాయల కారు అని చూపించారు, పదేళ్ళు తిరిగేసరికి తయారీ ఆగిపోయింది. చౌక కారు అన్న ముద్ర దాన్ని దెబ్బతీసిందని ఆయనే తర్వాత ఒప్పుకున్నారు. స్కూటర్ మీద నలుగురు వెళ్తే జాలిపడిన దేశం, అదే నలుగురు నానోలో వెళ్తే నవ్వింది.

ఇంతకీ ఆరు ఎయిర్‌బ్యాగుల నిబంధన 2022 నుంచి 2023కి వాయిదా పడి, ఆ పైన అటకెక్కింది. తర్వాత ఏమైంది? 2025లో అదే మారుతి ఆల్టో కె10కి, సెలేరియోకి, వాగన్ఆర్‌కి అన్ని వేరియంట్లలో ఆరు ఎయిర్‌బ్యాగులు పెట్టేసింది. ధరలు కొంచెం పెరిగాయి, ఆకాశం ఊడిపడలేదు. దీన్ని మార్పు అనొచ్చు, పోటీ అనొచ్చు. నాకు మాత్రం మూడేళ్ళ కిందట అసాధ్యం అన్నదాన్ని మూడేళ్ళ తర్వాత ఫీచర్ అని ప్రచారం చేసుకోవడంలా కనపడింది.

నేను కొన్నది 2022లో. ఏ కంపెనీయో చెప్పను, చెబితే చర్చంతా దాని మీదకే పోతుంది. బేస్ మోడల్, పెట్రోలు, వెయ్యి సీసీ లోపు, తెలుపు. ఎక్స్-షోరూమ్ ధర అయిదున్నర లక్షలు. అయిదు నుంచి పది లక్షల మధ్య బండికి తెలంగాణలో లైఫ్ టాక్సు 14 శాతం, అంటే 77 వేలు. ఇక ఇన్సూరెన్సు. సుప్రీంకోర్టు ఆదేశం వల్ల 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకి మూడేళ్ళ థర్డ్ పార్టీ ఒకేసారి కట్టాలి. వెయ్యి సీసీ లోపు బండికి అది 6,521 రూపాయలు. ఈ అంకె దేశమంతా ఒకటే, ఎవడూ తగ్గించలేడు, పెంచలేడు. మిగతాదంతా బేరమే. షోరూములో నాకు ఇన్సూరెన్సు మొత్తం 41 వేలన్నారు. అవే కవర్లతో బయట 29 వేలకి వచ్చింది. “బయట చేయిస్తే క్లెయిమ్‌కి ఇబ్బంది సార్” అన్నారు. ఆ ఇబ్బందేమిటో కాగితం మీద రాసివ్వమంటే మేనేజర్ని పిలుస్తానని వెళ్ళిన మనిషి టీతో తిరిగొచ్చాడు. హ్యాండ్లింగ్ చార్జీలని ఇంకో 8,500. ఎవరు దేన్ని హ్యాండిల్ చేశారని అడిగితే ఆ లైను మాయమైంది. యాక్సెసరీస్ కిట్ అని ఇంకోటి, అందులో మ్యాట్లు తప్ప ఏవీ తీసుకోలేదు. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఈ కాగితం ఒక కథ. ప్రతి లైనులోనూ ఒక పాత్ర, ఒక దబాయింపు, ఒక వెనకడుగు. మన కథకులు అక్కడ కూర్చుని ఉంటే ‘వినిమయ సంస్కృతి’ అన్న మాటకి బదులు రాయడానికి వాళ్ళకి ఇంకేదైనా దొరికేది.

మూడేళ్ళకి పైగా నడిపాను. లేనివాటిలో నిజంగా లోటనిపించేది ఒక్కటే, వెనక అద్దానికి డీఫాగర్. జులై వానల్లో వెనకేముందో తెలీదు. మిగతావి లేకపోవడం కొన్నిచోట్ల లాభమే. రంగు వెయ్యని నల్ల ప్లాస్టిక్ సైడ్ మిర్రర్లని నిజాంపేట రోడ్డులో ఆటోలు ఎన్నిసార్లు రాసుకున్నాయో లెక్కలేదు. గీత పడదు, గుండె ఆగదు. ఇనప రిమ్ము గుంటలో పడి వంగితే పంక్చర్ షాపతను సుత్తితో సరిచేసిచ్చాడు, మూడు వందలు. అల్లాయ్ అయితే పగిలేది. వెనక కిటికీలకి చేత్తో తిప్పే హ్యాండిల్ ఉంది. మా అమ్మకి బండి మొత్తంలో నచ్చింది అదే. ఇంజన్ ఆపినా అద్దం దించుకోవచ్చు, ఎవర్నీ అడగక్కర్లేదు. సిటీలో లీటరుకి 15, హైవే మీద 20 ఇస్తుంది. కంపెనీ చెప్పిన మైలేజీ మాత్రం ఇంకా కంపెనీ దగ్గరే ఉంది.

అపార్టుమెంటులో “సాఫ్ట్‌వేరేగా, ఇంకాస్త పెద్దది తీసుకోవచ్చుగా” అన్నవాళ్ళున్నారు. దానికి అలవాటు పడ్డాను. విచిత్రంగా అనిపించింది రెండోవైపు. ఒక కవిమిత్రుడు బండి చూసి “నువ్వు కూడానా?” అన్నాడు. కారు కొన్నాక నా వచనం మెత్తబడుతుందట. ఆ సాయంత్రం సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో సభ అయ్యేసరికి వాన దంచుతోంది. ఎల్బీనగర్ దాకా నేనే దింపాను. దారంతా మధ్యతరగతి పతనం గురించి మాట్లాడాడు, ఏసీ కొంచెం తగ్గించమన్నాడు. నాకు గిరీశం బండివాడు గుర్తొచ్చాడు. గిరీశం రెండు గంటలు నేషనల్ కాంగ్రెస్ మీద లెక్చరిస్తే, తమ ఊరి హెడ్ కానిస్టేబుల్ని కాంగ్రెస్ వాళ్ళు ఎప్పుడు బదిలీ చేయిస్తారని అడుగుతాడే, ఆ బండివాడు. వందేళ్ళకి పైగా మనం ఆ జోకుకి నవ్వుతున్నాం. బండివాడి తెలివితక్కువకి నవ్వుతున్నామని కొందరి నమ్మకం. ఆ బండిలో అసలైన రాజకీయ ప్రశ్న అడిగింది ఒక్కడే, అది గిరీశం కాదు.

ఇప్పుడు బస్సు మాట. ఈ చర్చ ఎప్పుడొచ్చినా ఎవరో ఒకరు బస్సు తీసుకొస్తారు, తీసుకురావాలి కూడా. కార్లతో ఊరు నిండిపోతోంది, పార్కింగు లేదు, గాలి లేదు, నలుగురు పట్టే డబ్బాలో ఒక్కడు హైటెక్ సిటీ వెళ్ళడం దండగ. అన్నీ ఒప్పుకుంటాను. నేను ఆఫీసుకి మెట్రోలోనే వెళ్తాను. కానీ మా అమ్మకి రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సులో టికెట్ లేదు. మంచి పథకం, మా ఇంటి పనిమనిషికి నెలకి వెయ్యి రూపాయల పైన మిగులుతోంది. మా అమ్మకి టికెట్ అడ్డు కాదు, మొదటి మెట్టు అడ్డు. అది నేల నుంచి అంత ఎత్తులో ఎందుకుందో, డ్రైవర్ స్టాపు దాటి ముందుకెళ్ళి ఎందుకు ఆపుతాడో అడగండి, నేనూ మీతో వస్తాను. ఆ మెట్టు దిగే రోజుదాకా కోదాడ నుంచి హైదరాబాదుకి, డాక్టరు దగ్గరికి, ఆమె ఏ విధంగా రావాలన్నది నాకు సాహిత్య ప్రశ్న కాదు. 65వ నంబరు జాతీయ రహదారి మీద 170-180 కిలోమీటర్లు. పంతంగి దగ్గర ఒక టోలు, కొర్లపహాడ్ దగ్గర ఇంకోటి. మా నాన్న ముందు సీట్లో, ఆమె వెనక. వెనక కూర్చున్నవాళ్ళు బెల్టు పెట్టుకోవాలన్న నిబంధన ఎప్పట్నుంచో ఉంది. 2022 సెప్టెంబరులో సైరస్ మిస్త్రీ ఖరీదైన మెర్సిడెస్ వెనక సీట్లో చనిపోయాక గానీ దేశానికి గుర్తురాలేదు. ఆ బెల్టు నా బేస్ మోడల్‌లోనూ ఉంది. దానికి వేరియంట్ లేదు.

అంటే చట్టం అడిగిన చోట మెట్లు లేవు. రెండు ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్, బెల్టు అలారం, పార్కింగ్ సెన్సర్లు నేను కొనేనాటికి కింది మెట్టులోకి వచ్చేశాయి. ఏ కంపెనీ దయా కాదు, రూలు. అడగని చోట మాత్రం వ్యాపారమే. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ, సెస్సుతో కలిపి 29 శాతం ఉండేది 18 శాతానికి తగ్గింది. పండగ ముందు షోరూములు కిటకిటలాడాయి, మంచిదే. ఆ తగ్గింపుకి పెట్రోలు బండి చెయ్యాల్సింది రెండే పనులు: పొడవు 4,000 మిల్లీమీటర్లు దాటకూడదు, ఇంజన్ 1,200 సీసీ దాటకూడదు. టేపు పెట్టి కొలిచారు. గుద్దితే లోపల మనిషి ఏమవుతాడన్న గడి ఆ ఫారంలో లేదు. పన్ను 11 శాతం వదులుకున్న ప్రభుత్వం బదులుగా కనీసం మూడు నక్షత్రాలు అడిగి ఉండొచ్చు. మన సొంత పరీక్ష, భారత్ ఎన్‌క్యాప్, 2023 అక్టోబరు నుంచే నడుస్తోంది. దానికి బండి పంపడం కంపెనీ ఇష్టం.

టీవీ చర్చల్లో దీన్ని ఎవరూ అడగలేదు, ఎంత తగ్గిందన్నదే అడిగారు. మన పత్రికల్లోనూ అడగలేదు, ఎందుకంటే కారు గురించి మనకి ముందే అంతా తెలుసు. ఈసారి ఎవరైనా ఆ ఈఎంఐ కథ రాస్తుంటే, ఊరి నుంచి ఫోనొచ్చాక అతను అదే కారులో అమ్మని తీసుకురావడానికి బయల్దేరతాడు కదా. ఆ కారు వెనక సీటు ఎలా ఉంటుందో ఒకసారి కూర్చుని చూసి రాయండి.